"ఎవరు" అనే గడి

మార్చి 11, మంగళవారం

నాన్నకి ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ కింద వరి గురించి ఒక సలహా ఉంటుంది. ఈ రోజుది: పొట్ట దశలో నీరు తగ్గనివ్వరాదు. నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పొట్ట దశ గురించి మాత్రం ఈ మూడేళ్ళలో బాగా తెలిసింది.

కోర్టు నుంచి కాయితం వచ్చింది. అక్క కూతురు వైషు ఎవరి దగ్గర పెరగాలో తేల్చేముందు ఒక సైకాలజిస్టు రెండు ఇళ్ళూ చూసి, అందరితో మాట్లాడి రిపోర్టు ఇవ్వాలట. ఒకవైపు అమ్మానాన్నా, ఒకవైపు వైషు తండ్రి నితిన్ బావ. కాయితంలో నా పేరు ఎక్కడా లేదు. రెండుసార్లు చూశాను.

నాన్న కళ్ళజోడు లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివాడు.

"ఆవిడ డాక్టరా?"

"మందులిచ్చే డాక్టరు కాదు నాన్నా."

"మరి ఏం చూస్తుంది?"

"మనల్ని."

అమ్మ లేచి బూజు కర్ర తేవడానికి వెళ్ళింది.

మార్చి 13, గురువారం

సైకాలజిస్టు పేరు సంగీత. నిజామాబాద్‌లో ఉంటుంది. ఫారాలు పంపింది. "పిల్ల ఈ ఇంటికి ఎప్పుడు, ఎందుకు వచ్చింది?" అని అడిగి నాలుగు గీతలు ఇచ్చారు. నాన్న చెప్తుంటే రాశాను. అక్కకి ఐదు రోజుల జ్వరం. అక్క పోయేనాటికి వైషుకి రెండున్నరేళ్ళు. పదిహేనో రోజున బావ డోంగ్లి పక్కన వాళ్ళ ఊరి నుంచి పిల్లని భుజాన వేసుకుని కోస్తా రైతులు కట్టుకున్న మా క్యాంపు ఊరికి వచ్చి, "రెండు నెలలు ఉంచుకోండ్రి అత్తమ్మా, నాతోని అయితలేదు" అన్నాడు. నాలుగు గీతలు నిండిపోయాయి.

నేను హైదరాబాద్ హాస్టల్లో రెండు నెలలకి సరిపడా బట్టలు సర్దుకుని వచ్చానన్న సంగతికి చోటు లేదు. ఆ రెండు నెలలు ఇంకా అవలేదు.

రెండో ఫారం పిల్ల దినచర్య. మూడు గడులు: సమయం, పని, ఎవరు. కూర్చుని నింపాను. నిద్ర లేపడం (ముందు అరికాలు నిమరాలి, తర్వాత పేరు పిలవాలి) నేను. పళ్ళు, నేను. స్నానం, నేను. జడ, నేను. టిఫిను, నేను. బడికి దింపడం, నేను. ఇలా పదకొండు పనులు. చివరిది, ఉరుము ఉరిమినప్పుడు చెవులు మూయడం. నేను. కిందికి వచ్చేకొద్దీ నా అక్షరాలు చిన్నవైపోయాయి.

మార్చి 15, శనివారం

ఆ మెయిలు వచ్చింది. మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం, హైదరాబాద్. జూన్ 9న చేరాలి. ఏప్రిల్ 10 లోపు జవాబు ఇవ్వాలి. డిసెంబర్లో ఏమీ తోచక ఊరికే అప్లై చేశానంతే.

డిలీట్ చేయాలి.

మార్చి 18, మంగళవారం

బాన్సువాడలో వకీలు హరనాథబాబు గారి దగ్గరికి వెళ్ళాం. ఫారం చూసి పెన్ను కింద పెట్టేశాడు.

"వెంకట్రావు గారూ, కేసులో ఉన్నది తాతా అమ్మమ్మా. పనంతా పిన్ని చేస్తుందని మీరే రాసిస్తే ఎలాగండీ? రేపు ఆవిడకి పెళ్ళయి వెళ్ళిపోతుంది. అప్పుడు పిల్లని ఎవరు చూస్తారని అడగరూ?"

"అడుగుతారు" అన్నాడు నాన్న, ఆ ప్రశ్న అప్పుడే మొదటిసారి విన్నట్టు.

ఇంటికొచ్చి మళ్ళీ రాశాను. రాసింది నేనే, నా చేతిరాతే. ఆరు చోట్ల అమ్మమ్మ, రెండు చోట్ల తాతయ్య, మూడు చోట్ల నేను. జడ: అమ్మమ్మ. వేళ్ళ నొప్పులొచ్చాక అమ్మ దువ్వెన పట్టి రెండేళ్ళు దాటింది. అయినా పూర్తి అబద్ధం కాదు. అక్కకీ నాకూ పెళ్ళీడు దాకా ఆవిడే వేసింది.

ఆ కాయితం ప్రకారం ఈ ఇల్లు నేను లేకపోయినా నడుస్తుంది. చదువుతుంటే బాగుంది. ఎందుకు బాగుందో రాయను.

మార్చి 20, గురువారం

సాయంత్రం కాలువ గట్టు మీద నడిచాను. నిజాంసాగర్ నుంచి చివరి తడికి నీళ్ళు వదిలారు. గట్టు మీద నేను, రెండు కొంగలు. నా ఈడు వాళ్ళందరూ ఫోన్లో స్టేటస్‌లుగా మిగిలారు. ఒకమ్మాయికి కొడుకు. ఒకమ్మాయికి కెనడా. అందరికీ లవ్ గుర్తు పెట్టి ఇంటికొచ్చాను.

మార్చి 22, శనివారం

నిజామాబాద్. మేడ మీద గది. తలుపు పక్కన బొమ్మల బుట్ట, అందులో చిన్న వంటసామాను, చెయ్యి ఊడిన బొమ్మ, ఎర్ర బస్సు.

వైషుకి అమ్మ వారం నుంచి నేర్పుతోంది. "మేడమ్ ఎవరి దగ్గర ఉంటావమ్మా అంటే ఏం చెప్తావు?" "అమ్మమ్మ దగ్గర!" "అలా చెప్తే ఏం కొనిపెడతాను?" "ఐస్‌క్రీమ్!" నేను ఏమీ నేర్పలేదు. "నిజమే చెప్పు బంగారం" అని మాత్రం అన్నాను. దారిలో నాలుగుసార్లు అన్నాను.

ముప్పావుగంట తర్వాత వైషు మూతి ముడుచుకుని వచ్చింది.

"ఆమె అడగనే లేదు పిన్నీ. బస్సాట ఆడుకోమంది. ఇప్పుడు ఐస్‌క్రీమ్ రాదా?"

"బస్సులో ఎవరెవరిని ఎక్కించావు?"

"అందరినీ. నిన్ను మాత్రం బస్టాండులో నిలబెట్టా. సీటు లేదు."

తర్వాత నన్ను పిలిచారు. కాయితంలో లేనిదాన్ని నన్నెందుకు అన్నాను. "పిల్ల రోజూ ఎవరి మొహం చూస్తుందో వాళ్ళందరితో మాట్లాడతానమ్మా" అంది. నలభై దాటి ఉంటాయి. నూలు చీర, గోళ్ళు పొట్టి. ఒకటి కనిపెట్టాను. మనం మాట్లాడుతుంటే ఆమె రాయదు. మనం ఆగినప్పుడు రాస్తుంది.

వైషుకి ఏమంటే భయం, జ్వరమొస్తే ఎలా తెలుస్తుంది, వాళ్ళమ్మ గురించి అడిగితే ఏం చెప్తాను, నాన్న వచ్చే ఆదివారాల ముందు రోజు ఎలా ఉంటుంది. అన్నీ చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను, ఆమె రాసే వీలు లేకుండా.

"జూన్‌లో వైషుకి ఒకటో తరగతి. అప్పటికి మీరెక్కడ ఉంటారు?"

"ఇక్కడే."

"ఇక్కడే అంటే?"

"క్యాంపులోనే. నేనెక్కడికి పోతాను!" అని నవ్వాను.

అప్పుడు రాసింది.

"ఏదైనా తప్పు చెప్పానని తర్వాత అనిపిస్తే ఏప్రిల్ పన్నెండు దాకా ఫోన్ చేయొచ్చు. చెప్పిందేదైనా రిపోర్టులోకి వస్తుంది, దాచను" అంది. అందరికీ ఇదే చెప్తుందట.

మార్చి 23, ఆదివారం

ఇక్కడే అన్నాను. తప్పేముంది. ఇక్కడే ఉన్నాగా.

మార్చి 29, శనివారం

మళ్ళీ నిజామాబాద్. ఈ రోజు వైషు నాన్నతో ఆడుకోవడం మేడమ్ చూస్తుంది. మేం పిల్లని అప్పగించి వరండాలో కూర్చున్నాం. ఒకే బల్ల. ఒక చివర అమ్మ, ఒక చివర బావ వాళ్ళమ్మ గంగవ్వ, నడుమ నేను.

"ఏం బిడ్డా, గట్ల చిక్కిపోయినవ్?"

"ఎండలు కదవ్వా."

"ఎండలేంది, ఫికర్." నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇగ గీ కోర్టులు, గీ మేడమ్‌లు మనకెందుకే? నువ్వే మా ఇంటికి రా. పోరి నీ ఒళ్ళెనే ఉంటది, మావోని కండ్ల ముంగట ఉంటది. అక్క జాగల చెల్లె వచ్చుడు లోకంల లేదా?"

అమ్మ కాదంటుందని ఎదురుచూశాను. అమ్మ గోడ మీది క్యాలెండర్ చూస్తోంది. అది నిరుటిది.

తలుపు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. చెవులు ఎర్రబడ్డాయి.

"అవ్వా, ఊకో! ఏం మాట్లాడుతున్నవ్? సిరీష నాకు చెల్లె లెక్క."

"నేనేమన్న తప్పన్ననారా? పెద్ద బాలిస్టర్ అయిండు ఈడు."

నా వైపు చూడకుండా "ఏమనుకోకు" అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ బల్ల మీద ఉన్నంతసేపు మా అక్క చనిపోలేదు, బదిలీ అయింది, ఖాళీలో నన్ను వేస్తున్నారు, అలా ఉంది.

బావ వెనకే వైషు వచ్చింది. పొద్దున నేను వేసిన రెండు జడలు లేవు. ఆటలో ఊడిపోయాయట. ఒకే జడ, కొంచెం ఎడమకి వంకర, చివర రిబ్బను చెరుకు మోపు కట్టే ముడితో.

"ఎవరు వేశారే?"

"నాన్న."

"మోపు కట్టినట్టే కట్టిన. ఊడది" అన్నాడు బావ, సంజాయిషీ ఇస్తున్నట్టు.

గంగవ్వ తల కొంగు తీసి చూపించింది. "నా నెత్తి మీదనే నేర్సిండు. నెల రోజులాయె పొద్దుగాల్నే పట్టుకుని పీకుతుండు. సగం ఎంట్రుకలు వానికే పోయినయ్."

వైషు పకపకా నవ్వి, "ఆజీ బోడి!" అంది. అక్కడ నానమ్మని అలాగే పిలుస్తుంది, మరాఠీలో.

ఇంటికొచ్చాక రిబ్బను విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ పిన్నీ. ఊడదు."

మార్చి 30, ఉగాది

పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైంది. అందరూ గిన్నెలు ఖాళీ చేశారు.

ఏప్రిల్ 4, శుక్రవారం

రేపు మేడమ్ మా ఇంటికి వస్తుంది. ఒంటిపూట బడి కాబట్టి ఆరుంపావుకే వస్తానంది. మామూలు పొద్దున ఎలా ఉంటుందో చూడాలట. మామూలుగా ఉండటానికి అమ్మ మూడు రోజులుగా ఇల్లు కడుగుతోంది. అక్క ఫొటోకి కొత్త దండ. నా పుస్తకాలు మంచం కిందికి.

"రేపు నువ్వు వంటింట్లో ఉండు. మిగతావి నేను చూసుకుంటాను" అంది.

"జడో?"

"నాకు రాదా ఏంటే జడ?"

ఏప్రిల్ 5, శనివారం

రాయాలి. వరసగా రాస్తేనే అవుతుంది.

ఆరుంపావుకి వచ్చింది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ గోడకి జరుపుకుని కూర్చుంది. ఒళ్ళో మా ఫారం. "నేను లేననుకోండి" అంది. నాన్న నిజంగానే ఆమె లేనట్టు గోడవైపు తిరిగి పేపరు చదవడం మొదలుపెట్టాడు, తలకిందులుగా పట్టుకుని.

అమ్మ వెళ్ళి వైషుని లేపింది. పేరు పిలిచి లేపింది. వైషు కళ్ళు తెరవకుండా కాళ్ళు దుప్పట్లోంచి బయటికి పెట్టింది. అలాగే పడుకుంది. అరికాలు నిమురుతారని. అమ్మకి తెలియదు. వంటింట్లోంచి నాకు కనపడుతోంది. నేను పొయ్యి వైపు తిరిగాను.

స్నానం అయింది. ఏడుంపావు. అమ్మ హాల్లో చాప మీద దువ్వెన, నూనె, రిబ్బన్లు పెట్టుకుని "రామ్మా" అంది. వైషు రాలేదు. తన పీట తెచ్చుకుని వంటింటి గడప ముందు వేసుకుని, వీధివైపు మొహం పెట్టి, నాకు వీపు చూపిస్తూ కూర్చుంది. రోజూ కూర్చున్నట్టే.

"ఇటు రావే, ఇక్కడ వేస్తాను."

"అక్కడ కాదు అమ్మమ్మా. పిన్ని అట్లు వేస్తూ వేస్తుంది కదా. ఒక అట్టుకి ఒక పాయ."

అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను. చాప మీంచి లేచి, మోకాలు పట్టుకుని వచ్చి, గడప దగ్గర కూలబడి దువ్వెన పట్టింది. వేళ్ళు వంగవు. పాయ తీస్తే జారిపోతోంది. మళ్ళీ తీసింది. వైషు మెడ నిటారుగా పెట్టి, నొప్పి పుట్టినా అరవకుండా, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "మధ్యది కాదు అమ్మమ్మా, ముందు ఎడమది... ఆఁ, అది పైకి... గట్టిగా... పర్లేదులే." వయసులో పెద్దది వైషు అన్నట్టుంది.

కాలిన వాసన వచ్చింది. పెనం మీద అట్టు నల్లగా అయిపోయింది. తీయలేదు.

అమ్మ దువ్వెన వదిలేసి వేళ్ళు ఒళ్ళో దాచుకుంది. అప్పుడు మేడమ్ పెన్ను తీసింది.

నేను పొయ్యి ఆపి వచ్చి కూర్చున్నాను. జడ వేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. వైషు బడికి వెళ్ళేటప్పుడు మేడమ్‌కి టాటా చెప్పి, అమ్మమ్మకి ముద్దు పెట్టి, "రేపటికి వచ్చేస్తుందిలే నీకు" అంది.

వెళ్ళేముందు మేడమ్ గుమ్మంలో ఆగింది. ఏమైనా అంటుందనుకున్నాను. "మంచినీళ్ళు ఇస్తారా?" అంది. తాగింది. వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 6, ఆదివారం

మధ్యాహ్నం అమ్మ పప్పు వడ్డిస్తూ, "గంగవ్వ అన్నమాట అంత చెడ్డదేం కాదు" అంది.

కంచం ముందు నుంచి లేచాను.

ఏప్రిల్ 7, సోమవారం

లెక్క చూస్తే దార్లు మూడు. ఒకటి, ఇక్కడే అన్న మాట నిలబెట్టుకోవడం. అంటే వైషు పెద్దదయ్యేదాకా ఇక్కడే. రెండు, కేసు గెలిచాక వెళ్ళిపోవడం. అప్పుడు వైషు పీట వేసుకుని గడప ముందు కూర్చుంటుంది. వెనక ఎవరూ ఉండరు. మూడోది గంగవ్వది.

నాలుగోది ఉంది.

నెల రోజులు ఒక ముసలామె తల మీద జడ నేర్చుకున్న మనిషి చెడ్డవాడని నేనెప్పుడూ రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను. రాయలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

బాన్సువాడ వెళ్ళాను, వైషుకి చెప్పులు కొనాలని. బస్టాండు వెనక చెరుకురసం బండి పక్కన నిలబడి మేడమ్‌కి ఫోన్ చేశాను.

"మొదటి ఫారం వేరే ఉంది. దాంట్లో పదకొండూ నేనే. రెండోది కూడా నేనే రాశాను, మావాళ్ళని అనకండి. జూన్‌లో ఇక్కడే అన్నాను. అది నిజం కాదు. నిజమో కాదో తెలియదు. ఉద్యోగం వచ్చింది. వెళ్ళాలని ఉంది."

"వెళ్ళాలని ఉంది" అని పైకి అనడం ఈ మూడేళ్ళలో ఇదే మొదలు. చెరుకురసం బండి గజ్జెలు మోగుతున్నాయి. ఆమెకి వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను.

"విన్నాను" అంది. "ఇది రిపోర్టులో రాయాల్సి వస్తుంది. తెలుసు కదా?"

"తెలుసు."

"ఇంట్లో చెప్పారా?"

"ఈ రోజు చెప్తాను."

"ఒకటి అడుగుతాను. ఇది ఎవరి కోసం చెప్తున్నారు?"

"వైషు కోసం."

తర్వాత నేను ఆగాను. అటువైపు చప్పుడు లేదు. రాసుకుంటోందనుకున్నాను.

చెప్పులు కొనడం మర్చిపోయాను.

ఏప్రిల్ 9, బుధవారం

చెప్పాను. నాన్న పొలానికి వెళ్ళాడు, కోత మిషను వచ్చే రోజు కాకపోయినా. అమ్మ ఒకటే అంది: "నువ్వు పోవడానికి దాన్ని పంపేశావు."

వైషు కోసమే చెప్పాను.

ఏప్రిల్ 10, గురువారం

మెయిలుకి జవాబు పంపాను. జూన్ 9న కాదు, 16న చేరతానని. సరేనన్నారు.

వైషు కోసమే చెప్పాను.

ఏప్రిల్ 29, మంగళవారం

కోర్టు ఉత్తర్వు. జూన్ నుంచి వైషు తండ్రి దగ్గర. అలవాటు కావడానికి మే అంతా వారం అక్కడ, వారం ఇక్కడ. తర్వాత నెలకి రెండు శని-ఆదివారాలు, సెలవుల్లో సగం మా దగ్గర. ఆదివారం సాయంత్రం పిన్నితో ఫోన్, ఎవరూ పక్కన ఉండకుండా. పిల్ల అసలు దినచర్యని పిన్ని రాసి తండ్రికి ఇవ్వాలి.

వకీలు చదువుతుంటే లెక్కపెట్టాను. వెనక జతచేసిన రిపోర్టులో నా పేరు తొమ్మిది చోట్ల ఉంది.

కోర్టు బయట బావ గెలిచినవాడిలా లేడు. గోడకి ఆనుకుని నిలబడి, "ఉరిమితె ఏం చేస్తవ్?" అని అడిగాడు. "మొన్న వానకి శానా ఏడ్సింది. నాకు తెల్వలే."

చెప్పాను.

మే 18, ఆదివారం

వైషు లేని వారం. పొద్దున ఒక అట్టు వేసి, చేతులు కడుక్కోబోయి ఆగాను. జడ వేసే ముందు చేతులు కడుక్కోవడం అలవాటు.

మే 25, ఆదివారం

వైషు ఉన్న వారం, ఆఖరిది. సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే అడిగింది.

"పిన్నీ, ముందు నువ్వు పోతావా, నేను పోతానా?"

ఎవరు చెప్పారో. అడగలేదు.

"నువ్వే ముందు."

"అయితే టాటా నువ్వు చెప్పాలి. ఉండేవాళ్ళే చెప్పాలి. మలుపు దాకా చెప్పాలి, మధ్యలో లోపలికి పోవద్దు."

"సరే."

కాసేపు నడిచింది. "అమ్మ పోయినప్పుడు నేను టాటా చెప్పానా?"

"నువ్వు చాలా చిన్నదానివి."

"చెప్పలేదన్నమాట" అంది, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

జూన్ 1, ఆదివారం

బావ బండి మీద వచ్చాడు. సామాను ముందే వెళ్ళిపోయింది. అమ్మ పులిహోర డబ్బా కట్టింది, మూత ఊడకుండా గుడ్డ చుట్టి, ముడి మీద ముడి వేసి. నాన్న బండి టైర్లలో గాలి చూశాడు. రెండుసార్లు చూశాడు.

దినచర్య కాయితం బావకి ఇచ్చాను. సమయాలు, పనులు, పక్కన చిన్న అక్షరాలతో సంగతులు. అరికాలు. ముందు ఎడమ పాయ. పాలలో మీగడ కనపడకూడదు. ఉరిమితే అరచేతులు కాదు, దిండు. మూడో గడి మాత్రం నింపలేదు. ఏం రాయాలో తోచక వదిలేశాను.

బావ చదివాడు. నిలబడే చదివాడు, పెదవులు కదుపుతూ. తర్వాత చొక్కా జేబులోంచి పెన్ను తీసి, కాయితం పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని, ఆ ఖాళీ గడుల్లో పైనుంచి రాయడం మొదలుపెట్టాడు. నేను. నేను. నేను. పదకొండు. చివరికొచ్చేసరికి ఆయన అక్షరాలు పెద్దవయ్యాయి.

"మర్సిపోతే ఫోన్ చేస్త" అన్నాడు.

"చెయ్యి బావా."

వైషు ముందు ట్యాంకు మీద కూర్చుని వెనక్కి తొంగిచూసింది. "పిన్నీ, రూలు!"

"గుర్తుంది."

వైషు కోసమే చెప్పాను. ఎన్నిసార్లు రాసినా ఆ మాట పక్కన ఇంకో మాట ఉంది. అదీ నిజమే. ఈ రోజు రెండూ రాస్తున్నాను: వైషు కోసం, నా కోసం.

కాలువ వంతెన దాటి బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. రూలు అంతవరకే. ఇంకాసేపు ఊపాను.